మొహానికి కొలత ఉండదేటి?

మా పొందూరులో ఏ ఆడమనిషినడిగినా కొలత విలువ చెబుతుంది. నూలు వడికే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి దారం రెండు వేళ్ళ మధ్య పట్టుకుంటే చాలు, అది వంద కౌంటుదో కాదో తెలిసిపోతుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి బట్ట మగ్గం దిగేదాకా అంతా లెక్కే. నూలు సంగతి అలా ఉంచండి, జాకెట్టు అరంగుళం వదులైతే మనం ఊరుకుంటామా? కుట్టిన మనిషి దగ్గరికెళ్ళి, కుట్లు విప్పించి, మళ్ళీ వేయించుకునేదాకా నిద్ర పట్టదు.

అలాంటి ఊళ్ళో 2020 వేసవిలో మా వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్నావిడ ఒక మాటంది. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించింది. ఆ కుట్టుపని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళకి వచ్చింది. ఆవిడా కుట్టింది. నేను ఏదో జాకెట్టు పని మీద వెళితే గుట్టగా పోసిన గుడ్డ ముక్కలు చూపించి, "సూడండమ్మా, కటింగు ఒకటే! ఏడేళ్ళ గుంటకీ అదే, ఎనభై ఏళ్ళ ముసిలోడికీ అదే. మొహానికి కొలత ఉండదేటి?" అని నవ్వింది. నేనూ నవ్వేసి వచ్చేశాను. బజారుకెళ్ళేటప్పుడు మూతికి అడ్డంగా కట్టుకునే గుడ్డకి కొలతలేమిటిలే అనుకున్నాను.

ఆ మాట మూడేళ్ళ తరవాత, మా వంటింట్లో, మా ఆడపడుచు నోట ఒక సంగతి విన్నప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

మా ఆడపడుచు విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. సన్నటి కోల మొహం, చిన్న గెడ్డం. చిన్నప్పుడు ఇంట్లో అందరూ 'పిచిక మొహం' అని ఏడిపించేవారట. 2021లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు వార్డులో డ్యూటీ పడింది. రోజుకో ఎన్-95 మాస్కు ఇచ్చేవారు. అంతకు ముందు ఏడాదితో పోలిస్తే అదే గొప్ప. 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదని పైకి చెప్పి నర్సీపట్నం డాక్టరు సుధాకర్ గారు సస్పెండయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంచేత చేతికి మాస్కు రావడమే పండగలా ఉండేది. అది మొహానికి సరిపోయిందా లేదా అని అడిగే పాపాన ఎవరూ పోలేదు. తనూ అడగలేదు.

ఆ మే నెలలో తనకి జ్వరం తగిలింది. పరీక్షలో పాజిటివ్. మా అత్తగారు దేవుడి గది వదల్లేదు. నేను ఫోన్లో పలకరిస్తూ, ఏదో చనువు కొద్దీ అన్నాను: "నువ్వే ఎక్కడో మాస్కు దించేసి ఉంటావమ్మా. చెబితే వినవు కదా!" అవతల్నుంచి మాట లేదు. కాసేపటికి, "అంతే అయ్యుంటుంది వదినా" అంది. వార్డులో పెద్ద సిస్టరు కూడా అదే మాటన్నదట. 'సరిగ్గా పెట్టుకుని ఉండవు' అని. పదిహేను రోజులు ఒక్కర్తీ గదిలో పడుకుని, నేనెక్కడ తప్పు చేశాను, ఏ పూట మాస్కు మీద చెయ్యి వేశాను, అని లెక్క పెట్టుకుందట పిచ్చిపిల్ల. కోలుకుంది, దేవుడి దయ. కాని ఆ మాట తన మనసులో ఉండిపోయింది. నాకు మాత్రం అలా అన్నట్టే గుర్తులేదు.

2023లో తనని ఏదో ట్రైనింగుకి పంపించారు. అక్కడ ఫిట్ టెస్ట్ అని ఒకటి చేశారట. సెలవుకి మా ఊరొచ్చి, నేను వంకాయలు తరుగుతుంటే ఎదురుగా పీట మీద కూర్చుని చెప్పింది. ముందు మాస్కు లేకుండానే తలకి ఒక తెల్లటి ముసుగు తొడుగుతారు. మొహం ముందు పారదర్శకంగా ఉంటుంది, దానికో చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి సాకరిన్ కలిపిన నీళ్ళని తుంపరగా కొడతారు. నాలిక మీద తీపి తెలుస్తోందా అని అడుగుతారు. తెలిసినవాళ్ళకి ఆ తరవాత మాస్కు పెట్టించి, మళ్ళీ ముసుగు తొడిగి, ఇంకాస్త ఘాటైన తీపి నీళ్ళు కొడతారు. మామూలుగా ఊపిరి పీల్చమంటారు, గట్టిగా పీల్చమంటారు, తల అటూ ఇటూ తిప్పమంటారు, పైకీ కిందకీ ఊపమంటారు, వంగి లేవమంటారు, గట్టిగా మాట్లాడమంటారు. వార్డులో నర్సు చేసే పనులే కదా ఇవన్నీ! మాస్కు అంచు మొహానికి అతుక్కుని ఉంటే తీపి తెలియకూడదు. తెలిసిందంటే ఎక్కడో సందుందన్నమాట. సాకరిన్ బదులు చేదు మందుతో కూడా చేస్తారట.

2021లో అన్నాళ్ళూ వాడిన రకం మాస్కే తన బ్యాగులో ఉంటే దాన్నే పెట్టుకుంది.

"తల తిప్పానో లేదో, తియ్యగా తగిలింది వదినా!" అంది.

తను ఇంకేమీ అనలేదు. నేను కత్తిపీట పక్కన పెట్టేశాను. తరవాత ఒక సైజు చిన్నది, ఇంకో కంపెనీది ఇచ్చారట. ఆఖరుదాకా తీపి తెలియలేదట. మొహం అదే, మనిషి అదే, పెట్టుకున్న తీరూ అదే. మారింది మాస్కొక్కటే.

ఆ సందులోంచే తనకి కరోనా వచ్చిందని నేననను. క్యాంటీన్లో రావచ్చు, బస్సులో రావచ్చు, ఎవరు చెప్పగలరు? కాని 'సరిగ్గా పెట్టుకుని ఉండవు' అన్న మాట మాత్రం తప్పు. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ఇక్కడ చాలామందిమి ఒక పొరపాటు పడుతున్నాం. ఎన్-95 అంటే గాలిలో కంటికి కనపడని సన్న రేణువుల్ని నూటికి 95 వంతులైనా ఆపే బట్ట అని అర్థం. ఆ 95 బట్ట గొప్పతనం. గాలి ఆ బట్టలోంచి పోతేనే ఆ లెక్క. ముక్కు పక్కనో గెడ్డం కిందో సందుంటే, గాలికేం ఖర్మ, అంత చిక్కటి బట్టలో దూరడానికి? తేలిక దారి వెతుక్కుంటుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టేటప్పుడు మంచి బట్ట తెచ్చి వదులుగా కడితే ఏమవుతుందో మనకి తెలుసు. చీమకి బట్ట నాణ్యంతో పనిలేదు, మడత పక్కన దారి ఉంటే చాలు.

ఈ మాస్కు పుట్టుకలో ఒక చిత్రముంది, చెప్పకుండా ఉండలేను. 1910, 11లలో మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు, మలయాలో పుట్టి కేంబ్రిడ్జిలో చదివిన వూ లియెన్-టే అనే డాక్టరు గాజుగుడ్డ మడతల మధ్య దూది పెట్టి, తల వెనక ముడేసుకునే మాస్కు వాడమన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు ఆ మాట లెక్కచెయ్యక, మాస్కు లేకుండా రోగుల్ని చూసి కొద్దిరోజుల్లోనే ప్లేగుతో పోయాడు. వూ గారి మాస్కు ముడి వేసుకునేది కాబట్టి ఎవరి మొహానికి వాళ్ళు బిగించుకునేవారు. ఆ తరవాత గిన్నెలా ఉబ్బుగా ఉండే మాస్కులొచ్చాయి. ఆ ఆకారం ఎక్కణ్ణుంచి వచ్చిందనుకుంటున్నారు? అమెరికాలో సారా లిటిల్ టర్న్‌బుల్ అనే డిజైనరు త్రీఎం కంపెనీకి పనిచేస్తూ, కుట్లు లేకుండా అచ్చుపోసే కొత్తరకం గుడ్డతో ఆడవాళ్ళ బాడీల కప్పులు చేయించాలని చూసింది. ఆస్పత్రుల్లో తనవాళ్ళ చుట్టూ తిరిగే రోజుల్లో డాక్టర్లూ నర్సులూ జారిపోయే పల్చటి మాస్కులతో అవస్థ పడడం చూసి, ఆ కప్పు ఆకారాన్నే మాస్కుకి పెట్టింది. 1961లో ఆ మాస్కు బయటికొచ్చింది. ఎన్-95 మాస్కులకి ఆ ఆకారమే పెద్దక్క.

పేరు చెప్పడానికి మనం సిగ్గుపడతాం గాని, బాడీ కొనేటప్పుడు ఎవరైనా 'ఏదో ఒకటి ఇవ్వండి, అందరికీ ఒకటే' అంటారా? ముప్ఫై రెండా, ముప్ఫై నాలుగా అని షాపువాళ్ళే అడుగుతారు. అందులోంచి పుట్టిన మాస్కుకి మాత్రం సైజెందుకన్నారు!

మరి మాస్కులు ఎవరి మొహం చూసి తయారుచేశారు? 1970లలో అమెరికాలో లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళు ఇలాంటి మాస్కుల్ని పరీక్షించడానికి పాతికమంది మొహాల లెక్కొకటి వేసుకున్నారు. దానికి ఆధారం 1967, 68లలో అమెరికా వైమానిక దళంలో తీసిన కొలతలు. ఆడవాళ్ళు లేరని కాదు, ఉన్నారు. కాని ఆసుపత్రి నర్సులూ కాదు, మనలాంటివాళ్ళూ కాదు. 2003లో అక్కడే మళ్ళీ నాలుగు వేలకి దగ్గరగా మంది పనివాళ్ళ మొహాలు కొలిచి చూసి, పాత లెక్క ఇప్పటివాళ్ళకి సరిపోదని తేల్చుకున్నారు. తరవాత అయిదు రకాల తలల నమూనాలు చేశారు. చిన్నది, మధ్యరకం, పెద్దది, పొడుగ్గా సన్నగా ఉన్నది, పొట్టిగా వెడల్పుగా ఉన్నది. ముక్కు మొదలు నుంచి గెడ్డం చివరిదాకా ఎంత, ఈ చెంప ఎముక నుంచి ఆ చెంప ఎముకకి ఎంత, అన్న రెండు కొలతలే దానికి ముఖ్యం. మన టైలరు టేపుతో అరనిమిషం పని.

ప్రపంచం మొత్తం మీద వైద్య, ఆరోగ్య సేవల్లో ఉన్నవాళ్ళలో నూటికి 70 మంది ఆడవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన ఆశా కార్యకర్తలైతే అందరూ ఆడవాళ్ళే. గడ్డాలుంటే మాస్కు అతుక్కోదని మగవాళ్ళ విషయంలో ఎంత ఆలోచన జరిగిందో తెలుసా? మతాచారం ప్రకారం గడ్డం తియ్యని సిక్కు డాక్టర్ల కోసం, గడ్డాన్ని సాగే గుడ్డతో బిగించి కట్టి దాని మీద మాస్కు పెట్టుకునే పద్ధతిని 2020లో పరీక్షించి, బాగుందని పత్రికల్లో రాశారు. మంచిదే, చెయ్యాల్సిందే. మరి కొప్పు మీంచి జారిపోయే పై తాడు మాటేమిటి? ముక్కుపుడక పక్కన లేచే అంచు మాటేమిటి? చిన్న గెడ్డం కింద వేలాడే మాస్కు మాటేమిటి? వీటి గురించి ఎవరినడిగినా, 'కాస్త సర్దుకోండి సిస్టర్' అంటారు.

సర్దుకున్నారు. ఆడవాళ్ళకి ఆ విద్య కొత్తా? మా ఆడపడుచు స్నేహితురాళ్ళు చెప్పిన చిట్కాలు వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెవి తాడుకి ముడేసుకోవడం, వెనకాల రెండు తాళ్ళూ కలిపి పిన్నీసు పెట్టడం, ముక్కు మీద ప్లాస్టరు అంటించడం, గెడ్డం కింద గాజుగుడ్డ ఉండ పెట్టడం! డ్యూటీ దిగేసరికి చెంపల మీద వాతలు. కళ్ళజోడున్నవాళ్ళకి అద్దాల మీద ఆవిరి. ఆవిరి పట్టిందంటే పైనుంచి గాలి తన్నుకొస్తోందని అర్థం. అది కంటికి చిరాకనుకున్నాం గాని, ఎన్-95 పెట్టుకున్నవాళ్ళకి అదొక హెచ్చరికని ఎవరూ చెప్పలేదు. మామూలు సర్జికల్ మాస్కుకైతే చెవి తాళ్ళకి ముడేసి పక్క మడతలు లోపలికి దోపితే మేలేనని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 ఫిబ్రవరిలో పరీక్ష చేసి మరీ చెప్పింది. మనవాళ్ళు అప్పటికే చేస్తున్న పనే అది! కాని ఎన్-95కి ఆ ముళ్ళూ పిన్నీసులూ పనికిరావు. తాడు బిగిస్తే ఒకచోట నొక్కుకుని ఇంకోచోట లేస్తుంది. తల వెనక రెండు తాళ్ళతో ఉండి, మొహానికి తగ్గ సైజుదై ఉండాలి. అంతే.

ఇది చదివి మావారు ఒక అభ్యంతరం చెప్పారు. "ఆరోజుల్లో మాస్కు దొరకడమే గగనం. కొలతలు చూసుకుంటూ కూర్చుంటే ఏమయ్యేది?" అన్నారు. నిజమే, 2020లో నేనైనా ఆ మాటే అందును. ఇల్లు కాలుతుంటే బిందె రంగు చూడం. కాని ఆ మంట ఆరి ఎన్నాళ్ళయింది? ఇప్పుడు మాస్కులు కావలసినన్ని ఉన్నాయి, చేసే కంపెనీలు మన దేశంలోనే ఉన్నాయి. అయినా స్టోరులో ఉండేది ఒకే రకం, ఒకే సైజు.

"కరోనా పోయింది కదా, ఇప్పుడీ గొడవెందుకు?" అని మా పక్కింటావిడ అంది. కరోనా సరే, క్షయ పోయిందా? ఈ మాస్కు అవసరం ముందునుంచీ ఉన్నది దానికే. గాలిలోనే కదా అది పాకేది! దగ్గే రోగి పక్కన నిలబడి గళ్ళ తీసుకునేది నర్సు. గొట్టంతో కఫం లాగేది నర్సు. ఇంటింటికీ తిరిగి 'దగ్గు రెండు వారాలయిందా పెద్దమ్మా' అని అడిగేది మన ఆశా. ఆరుబయట వీధిలో తిరిగేటప్పుడు ఆమెకి ఎన్-95 అక్కర్లేదు, ఆ మాటకొస్తే ఆసుపత్రిలోనైనా అన్ని పనులకీ అక్కర్లేదు. కాని క్షయ ఉన్న మనిషితో కిటికీ లేని గదిలో అరగంట కూర్చోవలసి వచ్చే వాళ్ళకి అది సరిపోయేది ఉండాలా వద్దా? 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశాలకి పెద్ద అవార్డిచ్చింది. మా వీధి ఆశాకి ఆ సంగతి చెబితే, "అవునేటి? నాకెవలూ సెప్పనేదు" అంది. ఆవిడకి ఇచ్చిన మాస్కు మాట అడిగాను. "అది నాకు కళ్ళదాకా వొచ్చేత్తాదమ్మా. కిందకి లాగి మాటాడతాను" అంది.

కిందకి లాగి మాట్లాడతానన్న ఆవిడని చూసి ఇదివరకైతే నేను 'ఎంత నిర్లక్ష్యం!' అనుకునేదాన్ని.

అమెరికాలో 1998 నాటి నిబంధన ప్రకారం, పనిలో ఇలాంటి బిగుతు మాస్కు వాడవలసిన ప్రతి మనిషికీ ముందోసారి, తరవాత ఏడాదికోసారి ఈ పరీక్ష చెయ్యాలి. ఇంగ్లండులోనూ చేస్తారు. చెయ్యడానికి కోట్ల యంత్రాలేం అక్కర్లేదు. ముసుగు, తుంపర కొట్టే సీసా, తీపి మందో చేదు మందో, నేర్చుకున్న మనిషి ఒకరు. మనిషికి పావుగంట. నాకు తెలిసిన నర్సులు పదిమందిని అడిగాను. కొందరు ప్రభుత్వం, కొందరు ప్రైవేటు. మా ఆడపడుచు తప్ప ఒక్కరికి కూడా ఆ పరీక్ష చెయ్యలేదు. ఉద్యోగంలో చేరిననాడు వాళ్ళ చెప్పుల సైజు రాసుకున్నారు, యూనిఫాం కొలతలు తీసుకున్నారు, చేతి తొడుగుల్లో ఆరున్నరా ఏడా అని అడిగారు. చెయ్యికి సైజు ఉన్నప్పుడు మొహానికి ఎందుకు లేదో మీరే చెప్పండి!

పెద్ద కోరికలేం కావు మనవి. కొనేటప్పుడు ఒకే రకం వెయ్యి కొనే బదులు, రెండు మూడు సైజులు కలిపి అదే వెయ్యి కొనండి. అవసరమున్న వార్డుల్లో పనిచేసేవాళ్ళకి పరీక్ష చేసి, ఎవరికి ఏది సరిపోయిందో పేరు పక్కన రాసుకోండి. ఎవరికైనా ఏదీ సరిపోకపోతే ఆ మనిషిని ఆ గదిలోకి పంపకండి. జబ్బు చేస్తే 'సరిగ్గా పెట్టుకోలేదు' అనడానికి ముందు, పెట్టుకోదగ్గది ఇచ్చామా అని చూసుకోండి. మన ఇళ్ళల్లో నర్సులున్నారు, చదువుకుంటున్న పిల్లలున్నారు. వాళ్ళు చేరబోయే ఆసుపత్రిలో జీతమెంత, హాస్టలుందా అని అడుగుతున్నాం. ఫిట్ టెస్ట్ ఉందా అని కూడా అడగాలి మనం.

నిరుడు సంక్రాంతికి వచ్చినప్పుడు మా ఆడపడుచుకి 2021లో నేనన్న మాట గుర్తుచేసి, తప్పయిపోయిందమ్మా అన్నాను. "అబ్బే, నువ్వనేటి వదినా, నేనూ అలాగే అనుకున్నాను కదా" అంది. తను ఇప్పుడు ఛాతీ జబ్బుల వార్డులో చేస్తోంది. తనకి సరిపోయే చిన్న సైజు మాస్కులు సొంత డబ్బుతో కొనుక్కుంటోంది. తోటి సిస్టర్లు తొమ్మిదిమందితో కలిసి, చిన్న సైజువి కూడా తెప్పించమని ఆసుపత్రిలో ఇండెంటు పెట్టిందట. ఆ కాయితంలో వస్తువు పేరుకో గడి, ఎన్ని కావాలో రాయడానికో గడి ఉన్నాయి గాని సైజుకి గడి లేదట. స్కేలు పెట్టి, పెన్నుతో నిలువుగా ఒక గీత గీసి, పైన 'సైజు' అని రాసి ఇచ్చి వచ్చింది. ఇంకా జవాబు రాలేదు.